గుండుకి చుట్టిన గుడ్డ

తుపాకీ గురించి ఆడవాళ్ళకేం తెలుసు అని ఎవరైనా అంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాకు తెలుసు. కరిగిన సీసం ఎప్పుడు పోతకి సిద్ధమవుతుందో తెలుసు. పోసిన పాతిక గుండ్లలో పనికొచ్చే నాలుగింటిని ఎలా ఏరాలో తెలుసు. ఏరినదానికి ఎంత మందం గుడ్డ చుడితే గొట్టంలో సరిగ్గా కూర్చుంటుందో తెలుసు. నా ఉద్యోగమంతా పిల్లలకి ఎక్కాలు చెప్పడంలో గడిచింది గాని, ఈ విద్య మాత్రం ఒక్క చలికాలంలో నేర్చుకున్నాను. నేర్పినవారు మా మామగారు. అప్పటికే ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మేసి, వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు.

ఎనభైల నడిమి మాట. మా ఊరు సఖినేటిపల్లి రేవుకి ఎగువన, ఏటిగట్టుని ఆనుకుని ఉంటుంది. మావారు రాయవరంలో మేష్టరు. ఆదివారం మొదటి బస్సుకి వచ్చి, సోమవారం తెల్లవారుజామునే వెళ్ళిపోయేవారు. నేను ఊళ్ళో బడిలోనే టీచర్ని. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. అంచేత వారంలో ఆరు రోజులు ఇంట్లో నేనూ, మామగారూ, మా బాబూ. ఆ ఏడు వేసవి మొదట్లో బాబు పోయాడు. ఏడు నెలలవాడు. మూడు రోజుల జ్వరం. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్దామని బండి మాట్లాడేలోపే అయిపోయింది.

వాణ్ణి గట్టు అవతల పెట్టాం. మా సమాధుల దొడ్డి ఏటిగట్టుకీ గోదావరికీ మధ్య ఇసకమేటలో ఉండేది. గట్టుకి ఇవతల మావాళ్ళకి ఒక్క సెంటు భూమి కూడా ఎవరూ ఇవ్వలేదు. మా తాతలు ఊడ్చి కోసిన చేలన్నీ ఇవతలే, చచ్చాక మాత్రం అవతలికి పొమ్మన్నారు. ఈ మాట పైకి అంటే మట్టి ఎక్కడైనా మట్టేనని పాస్టరుగారు నన్ను మందలించేవారు. ఆయన తన కోసం గుడి ఆవరణలో చోటు చూసి పెట్టుకున్నారు, అది వేరే సంగతి.

ఆగస్టులో పెద్ద వరద వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. అప్పుడు నేను కొత్తపేట దగ్గర మా పుట్టింట్లో ఉన్నాను. నెల దాటాక గాని నన్ను రానివ్వలేదు. వచ్చీరాగానే గట్టు దిగి వెళ్ళి చూశాను. సమాధుల దొడ్డంతా ఒండ్రూ ఇసకా కప్పేసి, ఎప్పుడూ చూడని చోటులా ఉంది. పాత శిలువలు చాలా కొట్టుకుపోయాయి. మా బాబు చెక్క శిలువ మాత్రం నిలబడే ఉంది. దాని కింద ఇసక శుభ్రంగా గుట్ట పోసి ఉంది. మామగారు కర్ర తాటించుకుంటూ నా వెనకే వచ్చి, "నీ బిడ్డ చోటు చెక్కు చెదరలేదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను బతికాను. రోజూ సాయంత్రం బడి విడిచిపెట్టాక అటే వెళ్ళి కూర్చునేదాన్ని. ఆ రోజు బళ్ళో ఏం జరిగిందో వాడికి చెప్పేదాన్ని. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఎక్కడున్నాడో అయినా నాకు తెలుసు కదా అనుకునేదాన్ని.

మావారికి మాత్రం ఇదేమీ పట్టనట్టుండేది. బాబు పేరు ఆయన నోట వచ్చేది కాదు. నేను ఎత్తితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. సమాధి దగ్గరకి వెళ్దాం రండి అంటే ఏదో పని ఉందనేవారు. వరస ఆదివారాలు ఇలా గడిచేసరికి నాకు ఆయనంటే కోపం పోయి అసహ్యం పుట్టింది. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం. అన్నం వడ్డించి ఆయన ఎదురుగా కూర్చోకుండా వంటింట్లోకి వచ్చేసేదాన్ని.

నవంబరులో సమాధుల పండగ వెళ్ళిన తరవాత ఆదివారం పొద్దున్న, గుడికి వెళ్ళబోయే ముందు, బాబుకి రెండు బంతిపూలు పెట్టి వద్దామని వెళ్ళాను. శిలువకి మూరెడు దూరంలో గొయ్యి ఉంది. మోచేతి లోతు. సగం పూడి, అంచులు ఇంకా జారుతున్నాయి. ముందురోజు సాయంత్రం నేను వెళ్ళినప్పుడు అది లేదు. అక్కడే కూలబడి రెండు చేతులతో గొయ్యి పూడ్చేశాను. ఆ ఇసక లోపల వెచ్చగా ఉన్నట్టు నాకనిపించింది. చలికాలం పొద్దున్న ఇసక వెచ్చగా ఉండడమేమిటి అని ఎవరూ నమ్మలేదు.

మరుసటి ఆదివారం శిలువకి అటుపక్క ఇంకో గొయ్యి. ఆ పై ఆదివారం రెండు. పక్కన ఏ సమాధినీ ముట్టుకోలేదు. అన్నీ మా బాబు చుట్టే. నక్క అన్నారు, కుక్క అన్నారు, ఒకావిడ అయితే బాప్తిస్మం ఇప్పించని పిల్లాడు కదా అని నసిగింది. ఆవిడని నేను ఏమన్నానో ఇక్కడ రాయను.

మూడో వారం మామగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి గోతిలోకి పెట్టి గోడలన్నీ తడిమారు. చాలాసేపు తడిమారు. గోదావరి మీంచి మంచు మా మీదికి వస్తూనే ఉంది. ఆయన చెయ్యి బయటికి తీసి, ఇసక దులుపుకుని, "ఇది మూతితో తవ్వింది కాదమ్మా. దీనికి చేతులున్నాయి" అన్నారు.

అయితే చేతులున్నది ఏమిటో ఊళ్ళో అప్పటికే ఒక మాట నలుగుతోంది. వరదకి ఏజెన్సీ అడవుల్లోంచి దుంగలతో పాటు ఒక ఎలుగ్గొడ్డు కొట్టుకొచ్చిందనీ, లంక తుప్పల్లో ఉంటోందనీ పడవవాళ్ళు చెప్పేవారు. సరిగ్గా చూసినవాడు ఒక్కడూ లేడు. మంచులో మనిషిలా రెండు కాళ్ళ మీద నుంచుందని ఒకరు. చంకలో ఏదో పెట్టుకుని నీళ్ళ వైపు నడిచిందని ఒకరు. ఆ చంకలో ఏదో అన్న మాట విన్నాక నాకు నిద్ర లేదు. మామగారు యుద్ధకాలంలో మిలటరీలో అస్సాం దాకా వెళ్ళొచ్చిన మనిషి. అక్కడ ఎలుగుబంట్లు గోతులు తవ్వడం చూశానని ఆయనా అన్నారు. ఇక నాకు అనుమానం లేకపోయింది. అది నా బిడ్డ కోసమే వస్తోంది. దాన్ని చంపాలి. నాకు వేరే ఆలోచన రాలేదు.

మామగారి దగ్గర తుపాకీ ఉంది. మిలటరీ నించి వచ్చాక ఆయన ఊళ్ళో రాజుగారి కొబ్బరితోటలకి కాపలా ఉన్నారు. రాజుగారు తూటాలు పెట్టే కొత్త తుపాకీ కొనుక్కుని, మూతిలోంచి మందు కూరే ఈ పాతదాన్ని ఈయనకి ఇచ్చేసి, పంటల కాపలా పేరున లైసెన్సు కూడా రాయించి పెట్టారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని పోలీసుస్టేషన్లో అప్పగించి రావాలి. మా ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు స్టేషను చూసింది అదేనని మామగారు నవ్వేవారు. కళ్ళు పోయాక దానికి పని లేకుండా పోయింది. అయినా నెలకోసారి తడుముకుంటూ నూనె పెట్టి తుడిచేవారు.

ఆ తుపాకీ తియ్యమని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "అక్కడ దానికి దొరికేదేం లేదమ్మా. నాలుగు వారాలు చూసి అదే పోద్ది" అన్నారు. నేను వినలేదు. ఎలక మీద కోపానికి ఇల్లు తగలబెట్టుకోవద్దన్నారు. మీరు నేర్పకపోతే నాకు తోచినట్టు నేనే కూరుకుంటాను, పేలితే నా మొహమే కదా పేలేది అన్నాను. నా నోటికి జడిసి ఆయన సరేనన్నారు. కొడుక్కి చెప్పకూడదని మాత్రం ఇద్దరం అనుకున్నాం. ఆయన కారణం ఏమిటో నేనడగలేదు. నా కారణం ఏమిటంటే, మావారికి పట్టని సంగతి ఆయనకెందుకు చెప్పాలి అని.

పాఠం మర్నాడే మొదలైంది. చిన్న రవ్వలు పోస్తే పిట్టలకీ నక్కలకీ పనికొస్తాయి, ఎలుగ్గొడ్డు ఒంటిమీది జూలులో అవి ఇరుక్కుపోతాయి అన్నారు. దానికి ఒంటి గుండు కావాలి. అటకమీది పాత విసురువల దించి, అంచున కట్టిన సీసపు గుళ్ళన్నీ నాచేత కోయించారు. పెరట్లో కుంపటి పెట్టి, ఇనపగరిటెలో కరిగించాం. పైన తేలే మురికి తీసేశాక సీసం తేటగా మెరుస్తుంది. పటకారులాంటి అచ్చులో పోసి, కాసేపాగి తెరిస్తే గుండు రాలుతుంది. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి. మొదటి పది అలాగే పోయాయి. ఆయన ఒక్కొక్కదాన్నీ వేళ్ళ మధ్య తిప్పి మళ్ళీ గరిటెలో వేసేవారు.

బాగున్నట్టు కనిపించినవాటికీ పరీక్ష ఉంది. కంచం బోర్లించి, ఒకవైపు కొంచెం ఎత్తి, గుండుని వదలాలి. లోపల గుల్లగా ఉన్నది తిన్నగా దొర్లదు, పక్కకి లాగుతుంది. దాన్ని పేలిస్తే గాల్లోనూ అలాగే లాగుతుంది. కంచం మీద గుండు దొర్లే చప్పుడు విని ఆయన తల అడ్డంగానో నిలువుగానో ఊపేవారు. చూపున్న నాకు తేడా తెలిసేది కాదు, ఆయనకి తెలిసేది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సాయంత్రం మసక పడుతుంటే, ఇంట్లో దీపం కూడా పెట్టకుండా, గుడ్డివాడొకడూ పిల్లవాణ్ణి పోగొట్టుకున్నదొకతీ కంచం మీద గుండ్లు దొర్లించుకుంటూ కూర్చున్నాం. వీధిలో పోయేవాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో. పాతికలో నాలుగు నిలిచాయి.

ఇక గుడ్డ. అసలు విద్యంతా గుడ్డలోనే ఉంది. ఆ తుపాకీ గొట్టం లోపల తాడు మెలిపెట్టినట్టు సన్నటి గాళ్ళు, కాలవల్లాంటివి, తిరిగి ఉంటాయి. గుండు ఒక్కటే వేస్తే వాటిని పట్టుకోదు. గుండు చుట్టూ గుడ్డ చుట్టి దింపితే, ఆ గుడ్డ గాళ్ళని పట్టుకుని గుండుని తిప్పుతూ పంపుతుంది. మూతి దాటగానే గుండు ముందుకి పోతుంది, గుడ్డ విడిపోయి పది అడుగుల్లో కింద పడుతుంది. పడిన గుడ్డని ఏరి చదవాలనేవారు మామగారు. నడిమికి చిల్లు పడితే మందు మంట గుండుని దాటిపోయిందని. అంచులు పీలికలైతే మరీ బిగుతైందని. చిల్లు లేకుండా, గాళ్ళ ముద్రలు మాత్రం చుట్టూ నల్లగా పడితే అదే కావలసిన గుడ్డ.

మొదట ఆయన కొత్త పంచెలోంచి ముక్క కోశాం. గుండు సగం దిగి ఇరుక్కుంది. మందు కూరే కడ్డీతో బలంగా కొట్టబోతే వద్దన్నారు, నలిగిన గుండు తిన్నగా పోదట. మళ్ళీ లాగడానికి గంట పట్టింది. తరవాత నా రవికల లైనింగు గుడ్డ. గుండు దానంతటదే జారి అడుగుకి పోయింది. నేను సంబరపడుతుంటే గొట్టాన్ని కిందికి వంచి చూపించారు. గుండు మళ్ళీ మూతి దాకా దొర్లుకొచ్చింది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ పడితే గుండు పోదు, గొట్టమే పగిలి పట్టుకున్నవాళ్ళని చంపుతుంది అన్నారు. బిగుతుగా కాదు, వదులుగా కాదు, బొటనవేలితో నొక్కితే మూతిలోకి దిగాలి, కడ్డీతో తోస్తే ఒకే వేగంతో అడుగుకి చేరాలి. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ చూశాం. దుప్పటి, తలగడ గలీబు, గొడుగు గుడ్డ. ఏదీ కుదరలేదు.

కుదిరే గుడ్డ ఇంట్లో ఉందని నాకు తెలుసు. తెలిసే రెండు రోజులు దాన్ని తలుచుకోకుండా తిరిగాను. మా అమ్మ పాత నేత చీరలు చించి బాబు కోసం పొత్తిగుడ్డలు పంపింది. ఎన్నోసార్లు ఉతికి, వెన్నలా మెత్తబడి, అయినా నేత గట్టిగా ఉన్న గుడ్డలవి. ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం పెట్టె తెరిచి ఒకటి తీశాను. ఒక మూల గుండ్రంగా కత్తిరించి మామగారి చేతిలో పెట్టాను.

ఆయన వేళ్ళ మధ్య నలిపారు. మందం చూస్తున్నారనుకున్నాను. తరవాత ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏ గుడ్డమ్మా ఇది?"

"పాత చీర ముక్కండి."

ఆయన గుండుని దాని మధ్య పెట్టి మూతి మీద ఉంచి బొటనవేలితో నొక్కారు. దిగింది. కడ్డీతో తోశారు. గొట్టం లోపల్నించి సన్నటి చప్పుడు, ఎవరో నిద్రలో ఊపిరి వదిలినట్టు. ఒకే వేగంతో అడుగుకి చేరింది. తోటలో ఎండిపోయిన కొబ్బరిమోడుకి గురిపెట్టి నాచేతే పేల్పించారు. పొగ విడిచాక వెళ్ళి చూస్తే గుండు మోడు నడిమికి దిగి ఉంది. గుడ్డ గడ్డిలో పడి ఉంది, తెరుచుకుని, చిల్లు లేకుండా, చుట్టూ నల్లటి ముద్రలతో. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. బాబుని ఎత్తుకున్నప్పుడు ఆ గుడ్డలు అంతే వెచ్చగా ఉండేవి. నేను దాన్ని కింద పడెయ్యలేక, పట్టుకోలేక, చాలాసేపు అక్కడే నుంచుండిపోయాను.

శనివారం సాయంత్రం, గొయ్యి లేదని చూసి వచ్చాక, తుపాకీ సిద్ధం చేశాం. జంతువు తిరుగుడికి ఒక లెక్క ఉంటుందనీ, ఏడెనిమిది రోజులకోసారి చుట్టి వస్తుందేమోననీ మామగారు అన్నారు. ఏడెనిమిది కాదు, ఏడే అని నేను తీర్మానించాను. కోపంలో ఉన్నవాళ్ళకి లెక్కలు ఇట్టే కుదురుతాయి. పొద్దున్నే కూరుకుందాం, రాత్రంతా మందు గొట్టంలో ఉంటే చెమ్మ పడుతుందన్నారాయన. చీకట్లో నా చేతులు వణుకుతాయి, ఇప్పుడే కూరేద్దామన్నాను. మందు పోసి, మీద పొడి కొబ్బరిపీచు ఉండ పెట్టాను. ఇక గుడ్డకి ఆముదం రాయాలి, తడిసీ తడవనట్టు, పిండితే చుక్క రాకూడదు. చెప్పి ఆయన ప్రార్థనకి కూర్చున్నారు.

ఆముదం సీసా పొయ్యిగట్టు మీదే ఉంది. నా చెయ్యి పక్కనున్న కొబ్బరినూనె సీసా మీదికి పోయింది. ఆ గుడ్డకి ఎన్నడూ ఆముదం తగల్లేదు. బాబుకి నేను కొబ్బరినూనే రాసేదాన్ని. చలికి నూనె గడ్డకట్టి ఉంటే, వాడికి చేసినట్టే గరిటెలో వేసి నిప్పుల మీద పట్టాను. గుడ్డని అందులో ముంచాను. పిండలేదు. అది బాబుని పొత్తిళ్ళలో పెట్టుకునే గుడ్డ అని నాకు ఆ క్షణంలో మళ్ళీ తెలిసొచ్చి, ఏడుస్తూ గుండుకి చుట్టి కూరేశాను. మంచు తగలకూడదని తెలివిగా తుపాకీని వంటింట్లో, చల్లారుతున్న పొయ్యికి కాస్త దూరంలో, వెచ్చగా ఉన్న గోడకి మూతి పైకి పెట్టి ఆనించాను.

తెల్లవారకముందే గట్టు దిగాం. కోడి కూసింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా చేతిలో మామగారి చెయ్యి ఉందిగాని ఆయన లేరు. గోదావరి ఎటుందో చప్పుడు బట్టి తెలుసుకోవాల్సిందే. బాబు శిలువకి ఇరవై అడుగుల దూరంలో వరదకి పక్కకి ఒరిగిన పాత సిమెంటు సమాధి ఒకటుంది. దాని వెనక కూర్చుని, గొట్టం దాని మీద ఆనించాను. మామగారు నా వెనక కూర్చుని తుపాకీ మడమని నా భుజానికి అదిమి పట్టుకున్నారు. మీట పైన సుత్తిలా ఉండేదాన్ని గుర్రం అంటారు. దాని కింద చిన్న రాగి టోపీ పెట్టి, గుర్రం లాగి ఉంచాను. గుర్రం పడితే టోపీ పేలి లోపలి మందుకి నిప్పు అందిస్తుంది.

కొంచెం వెలుగొచ్చేసరికి చప్పుడు వినిపించింది. ఇసకలో చేతులు దోపి లాగుతున్న చప్పుడు. కాసేపాగి మళ్ళీ. మధ్యలో సన్నగా మూలుగు, గొంతులో నలుగుతూ. మంచు పక్కకి తొలగినప్పుడు చూశాను. నల్లగా, ముద్దగా, శిలువ పక్కన వంగి ఉంది. దాని వీపు లేస్తోంది, పడుతోంది. భయం ఉంది, కానీ భయం కన్నా ముందు కోపమే వచ్చింది. నా బిడ్డ మీద దాని చేతులు.

"కనపడుతోందామ్మా?" మామగారు నా చెవిలో అడిగారు.

"ఆయ్. వీపు కనపడుతోందండి."

"ఊపిరి సగం వదిలి ఆపు."

ఆపాను. గురి కుదిరింది. నేనే మీట నొక్కాను. ఎవరూ నా చెయ్యి పట్టి నొక్కించలేదు.

గుర్రం పడింది. టోపీ టప్పుమంది. అంతే. తుపాకీ పేలలేదు. ఆ నల్లటిది మాత్రం ఉలిక్కిపడి, మెల్లగా రెండు కాళ్ళ మీద లేచి నుంచుంది. మనిషంత పొడవుంది. మంచులో మా వైపు తిరిగింది.

"ఎవరండీ అక్కడ?" అంది.

భుజాల మీంచి నల్లటి రగ్గు జారి కింద పడి, లోపల తెల్లచొక్కా కనిపించింది. మామగారు నాకంటే ముందు గొంతు గుర్తుపట్టారు. ఒక్క ఊపున గొట్టాన్ని గోదావరి వైపు తిప్పేసి, రెండు చేతులతో పట్టుకుని, "కదలకు. ఇద్దరూ కదలకండి. లోపల నిప్పు ఉంటే ఇంకా పేలుద్ది" అన్నారు. ఆయన నూరు లెక్కపెట్టేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. ఆయన అంకెలు తప్పుతున్నారు, మళ్ళీ మొదటికి వస్తున్నారు. పేలలేదు. తరవాత ఇంటికెళ్ళి మందు తోడిస్తే అది ముద్దగా వచ్చింది. పొయ్యిగోడ వెచ్చదనానికి నూనె రాత్రంతా పీచులోంచి కిందికి దిగి మందుని నానబెట్టేసింది. పిండని గుడ్డ, ఆముదం కాని నూనె. చెప్పిన మాట వినని నా పొగరు మా ఆయన ప్రాణం కాపాడింది.

అక్కడ, ఆ ఇసకలో, ఇవన్నీ తెలియవు. నేను లేచి ఆయన దగ్గరకి వెళ్ళాను. ఆయన చేతులు మోచేతుల దాకా తడి ఇసక. గోళ్ళు చిట్లి ఉన్నాయి. తుపాకీ వైపు ఆయన చూడనే లేదు. ఏం చేస్తున్నారని అడిగాను.

"లేడు," అన్నారు. "ఇక్కడ లేడు."

ఆయన కూర్చుండిపోయి చెప్పారు. వరద తీశాక తండ్రీ కొడుకులు వచ్చి చూస్తే ఇక్కడ శిలువ లేదు, సమాధి లేదు, సమాధి కింద నేలే లేదు. ఇసక కొత్తగా మేట వేసింది. నేను వచ్చే లోపల గట్టు నించి అడుగులు కొలిచి, అంచనాకి ఒక చోట కొత్త శిలువ పాతారు. ఆ శిలువ రంగు కొత్తదని నేను గమనించనే లేదు. నేను అక్కడ కూర్చుని బాబుతో కబుర్లు చెప్పడం ఒక ఆదివారం గట్టు మీంచి ఆయన చూశారు. ఆ రోజునించి శనివారం ఆఖరి బస్సుకే వచ్చి, రేవు దగ్గర టీ దుకాణం బల్ల మీద పడుకుని, తెల్లవారుజామున వెతుకుతున్నారు. గడ్డపార పట్టుకోడానికి భయమట. లోపల వాడికి తగుల్తుందేమోనని చేతులతోనే తవ్వుతున్నారు. వెలుగు రాగానే గొయ్యి హడావిడిగా పూడ్చి, మొదటి బస్సుకి వచ్చినట్టు ఇంటికి వచ్చేవారట.

"దొరికేక శిలువ సరిగ్గా వాడి మీద పెట్టేద్దామనుకున్నాను. నీకసలు చెప్పక్కర్లేకుండా," అన్నారు.

మామగారు తుపాకీ పక్కన పెట్టి, ముఖం అటు తిప్పుకుని కూర్చున్నారు. నేను ఇద్దర్నీ తిట్టాను. రెండు నెలల పైనించి నాచేత ఒట్టి ఇసకకి కబుర్లు చెప్పించారని, బంతిపూలు పెట్టించారని, నోటికి ఎంతొస్తే అంత అన్నాను. తిట్టి తిట్టి గొంతు పోయాక, ఈ మనిషి వీపుకి నేను గురిపెట్టానన్న సంగతి అప్పుడు తలకెక్కింది. ఆయన చేతులు తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. బాబు పోయాక ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు.

కాసేపటికి, ఇంకా తవ్వని చోటు ఏదని అడిగాను. నీళ్ళ వైపు చూపించారు. అటు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టాను. ఆయన నా పక్కన కూర్చున్నారు. మామగారు చప్పుడు బట్టి పాకుతూ వచ్చి మాకు ఎదురుగా చేతులు దింపారు. గుడి గంట కొట్టారు, పాటలు మొదలయ్యాయి, మంచు విడిపోయి ఎండ వచ్చింది. ముగ్గురం తవ్వుతూనే ఉన్నాం.

సోమవారం తెల్లవారుజామున ఆయన బయల్దేరుతుంటే, శనివారం తిన్నగా ఇంటికి రండి, పొద్దున్న కలిసి వెళ్దాం అన్నాను. ఆయన ఆయ్ అన్నారు. మళ్ళీ వానాకాలం వచ్చి గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చేదాకా ప్రతి ఆదివారం ఇద్దరం తవ్వాం. బాబు దొరకలేదు.